మాగ్నెట్ మోటారుకు రోటర్, షాఫ్ట్, బేరింగ్ సీట్లు: లేత్ షాపులో కొలత తప్పకుండా ఎలా చేయించుకోవాలి

ముందే ఒక మాట తేల్చుకుందాం. బ్యాటరీ లేకుండా, కరెంటు లేకుండా, ఒట్టి అయస్కాంతాలతో దానంతట అదే తిరుగుతూ ఉండే మోటారు ఎవరి వల్లా కాదు. అయస్కాంతం దగ్గరికి వచ్చేటప్పుడు ఎంత బలంగా లాగుతుందో, దాటిపోయేటప్పుడు అంతే బలంగా వెనక్కి పట్టుకుంటుంది, ఒక చుట్టు పూర్తయ్యేసరికి లెక్క సున్నా, పైగా బేరింగుల రాపిడి ఉండనే ఉంది. అమెరికాలో 1979లో హోవార్డ్ జాన్సన్‌కు శాశ్వత అయస్కాంత మోటారు మీద పేటెంట్ వచ్చిన మాట నిజమే, కానీ పేటెంట్ కాగితం ఉన్నంత మాత్రాన మోటారు తిరిగినట్టు కాదు. మనం చేసేది పల్స్ మోటారు. రోటర్‌లో, అంటే తిరిగే చక్రంలో, అయస్కాంతాలు, ఎదురుగా కాయిల్, అయస్కాంతం కాయిల్ దాటే క్షణంలో చిన్న కరెంటు పోటు. ప్రయోగాలకు ఇంతకంటే మంచి బొమ్మ లేదు, ఎందుకంటే రోటర్‌కు, కాయిల్‌కు మధ్య గ్యాప్ మార్చి, కాయిల్ మార్చి, టైమింగ్ మార్చి ఏది ఎంత పని చేస్తుందో మీ చేతులతో మీరే కొలవచ్చు.

కొలవాలంటే మాత్రం ఒక షరతు ఉంది. రోటర్ ఊగుతుంటే, బేరింగ్ బిగుసుకుంటే, గ్యాప్ ఒక వైపు 1 ఎంఎం, ఇంకో వైపు 1.5 ఎంఎం ఉంటే, మీరు చూసేది కాయిల్ గుణం కాదు, లేత్ పని గుణం. అందుకే ఎలక్ట్రానిక్స్ సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్పి, లోహం పని మీదే ఎక్కువసేపు నిలబడతాను.

మన దగ్గర, అంటే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల, లేత్ షాపులకు కొదవ లేదు, కానీ వాటికి వచ్చే పనంతా ట్రాక్టర్ పిన్నులు, హార్వెస్టర్ పుల్లీలు, రైస్ మిల్లు షాఫ్టులు, సబ్‌మెర్సిబుల్ బుష్‌లు. ఆ పనికి 0.1 ఎంఎం అటూ ఇటూ అయినా నడుస్తుంది. మనకు కొన్ని చోట్ల 0.01 ఎంఎం కావాలి. మేస్త్రీకి ఆ చెయ్యి లేదని కాదు, ఎవరూ అడగరు కాబట్టి చేయడు. వరి కోతల్లో మాత్రం వెళ్లకండి, బయట హార్వెస్టర్ ఆగి ఉంటే మీ రోటర్‌ను ఎవరు పట్టించుకుంటారు? కోతలు అయ్యాక, షాపు ఖాళీగా ఉన్న రోజు పొద్దున వెళ్లి, గంటల లెక్కన డబ్బు మాట్లాడుకుని, పక్కనే నిలబడి చేయించుకోండి. మెడలో కండువా ఉంటే తీసి పక్కన పెట్టండి, ఫుల్ చేతుల చొక్కా మడవండి, గ్లోవ్స్ వద్దు. లేత్‌లో ముక్కను బిగించి తిప్పే చక్ బట్టను పట్టుకుంటే చెయ్యి లాక్కునే టైమ్ ఇవ్వదు.

ముందు కాగితం మీద బొమ్మ

"చిన్న చక్రం లాంటిది కావాలన్నా" అని నోటితో చెబితే ఆయనకు తోచింది ఆయన చేస్తాడు. బొమ్మ గీయండి, ప్రతి కొలత పక్కన ఎంత తేడా ఒప్పుకుంటారో రాయండి. నేను వాడే లెక్క ఇది. రోటర్ 120 ఎంఎం వ్యాసం, 15 ఎంఎం మందం, వెనక 30 ఎంఎం వ్యాసంతో 15 ఎంఎం పొడవు హబ్. అయస్కాంతాలు 15 ఎంఎం వ్యాసం, 5 ఎంఎం మందం ఉన్న నియోడిమియం బిళ్లలు ఎనిమిది, 96 ఎంఎం వృత్తం మీద. షాఫ్ట్ మధ్యలో 14 ఎంఎం, రెండు చివర్లా 12 ఎంఎం. బేరింగ్ 6001, అంటే లోపల 12, బయట 28, వెడల్పు 8. ఇది ఎక్కడైనా దొరుకుతుంది.

అయస్కాంతాలను రోటర్ అంచులో బయటికి చూసేలా కాకుండా ముఖం మీద గుంటల్లో పెట్టమంటున్నాను, దానికి కారణముంది. ఈ బిళ్ల ఒక్కోటి దాదాపు 6.6 గ్రాములు. నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడు అది బయటికి తోసే బలం సుమారు 31 న్యూటన్లు, అంటే మూడు కిలోల బరువు పైనే. అంచులో పెడితే ఆ బలమంతా జిగురే మోయాలి. ముఖం మీది గుంటలో పెడితే బయటి వైపున ఉన్న 4.5 ఎంఎం అల్యూమినియం గోడ మోస్తుంది. స్పీడ్ రెట్టింపైతే బలం నాలుగు రెట్లు అవుతుందని మర్చిపోకండి.

నేను చేసిన పెద్ద తప్పు

మొదటిసారి ఫ్రేమ్ ప్లేట్లు కూడా అల్యూమినియంతోనే, అందంగా ఉంటాయని, రోటర్‌కు 5 ఎంఎం దూరంలో పెట్టేశాను. అయస్కాంతాలు పెట్టకముందు చేత్తో తిప్పితే రోటర్ నిమిషం దాటి తిరిగింది. పెట్టాక ఎనిమిది సెకన్లకే, ఎవరో మెత్తగా చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది. బేరింగులే పాడయ్యాయనుకుని రెండుసార్లు మార్చాను. మూడోసారి విప్పినప్పుడు ముందు ప్లేటు తీసేసి ఊరికే తిప్పి చూశాను, మళ్లీ తిరుగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది. అయస్కాంతం కదులుతుంటే దగ్గర్లో కదలకుండా ఉన్న అల్యూమినియంలో సుడి కరెంట్లు పుడతాయి, అవి బ్రేకు వేస్తాయి. రాగి, ఇత్తడి రేకులైనా అంతే. అయస్కాంతంతో పాటే తిరిగే రోటర్ అల్యూమినియంకు ఈ బాధ లేదు, ఎందుకంటే దాని పక్కన అయస్కాంతం కదలడం లేదు.

కాబట్టి బేరింగులు మోసే రెండు అల్యూమినియం ప్లేట్లను రోటర్ ముఖాలకు కనీసం 40 ఎంఎం దూరం జరపండి. కాయిళ్లు బిగించే ప్లేటు ఒక్కటే దగ్గర ఉండాలి, అది హైలం షీటుతో (కరెంటు పారని గట్టి పలక) చేయండి. మోటారు వైండింగ్ షాపుల్లో అడిగితే ముక్క దొరుకుతుంది. హైలం కోసేటప్పుడు లేచే దుమ్ము గొంతు పట్టేస్తుంది, మాస్కు పెట్టుకోండి.

షాఫ్ట్

ఇ.ఎన్.8 (ఒక రకం ఉక్కు) రాడ్ 16 ఎంఎం తీసుకోండి. రెండు చివర్లా ఫేసింగ్ కొట్టించి (ముఖం చదును చేయించి), నడిమధ్య సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంట వేయించండి. ఆ తర్వాత చక్‌లో పట్టకుండా ఆ గుంటల్లో కూర్చునే రెండు మొనల (సెంటర్ల) మధ్య పెట్టి, షాఫ్ట్‌కు బిగించే క్యారియర్‌తో తిప్పి టర్నింగ్ చేయించాలి. మేస్త్రీ చక్‌లో అయితే తొందరగా అవుతుందంటాడు. ఒప్పుకోకండి. త్రీ జా చక్‌లో ఒక చివర చేసి, తిప్పి పట్టి రెండో చివర చేస్తే రెండు బేరింగ్ సీట్లకూ (బేరింగులు కూర్చునే చోట్లకూ) ఒకే నడిమి గీత ఉండదు. సెంటర్ల మధ్య అయితే ఎన్నిసార్లు తిప్పినా అదే గీత మీద తిరుగుతుంది.

ఫినిష్ కట్ ముందు 0.5 ఎంఎం ఉంచి ఒక సన్న కోత వేసి, రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవండి. రెండింటికీ 0.02 ఎంఎం తేడా వచ్చినా టెయిల్‌స్టాక్ (రెండో చివర మొనను పట్టే భాగం) పక్కకు ఉన్నట్టే, సరిచేయించి మళ్లీ వేయించండి. వెర్నియర్‌ను ఇక్కడ నమ్మకండి, దాని అతి చిన్న గీతే 0.02. మధ్య భాగం 14.00 నుంచి 13.99 లోపు రావాలి. బేరింగ్ సీటు 12.00 కంటే ఒక్క వందో వంతు కూడా పెద్దది కావద్దు. బేరింగ్ లోపలి వ్యాసమే 12.000 నుంచి 11.992 మధ్య ఉంటుంది. సీటు పెద్దదైతే సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, ఆ దెబ్బ గోళీల మీద పడి ట్రాక్‌లో మచ్చలు పడతాయి, అక్కడితో బేరింగ్ పోయినట్టే. 11.99 వస్తే బాధ పడొద్దు, లాక్‌టైట్ 638 లాంటి బేరింగ్ పట్టు ద్రవం ఒక చుక్క చాలు. 12, 14 కలిసే మూలలో సన్న గాడి తీయించండి, లేకపోతే బేరింగ్ భుజానికి ఆనుకోదు.

రోటర్

అల్యూమినియం 6061 లేదా 6082 రాడ్ 125 ఎంఎం వ్యాసంలో 32 ఎంఎం ముక్క కోయించండి, కిలో పైన కొంచెం తూగుతుంది. తుక్కు కొట్టులో దొరికే పోత అల్యూమినియం వద్దు, లోపల గాలి బుడగలుంటే బ్యాలెన్స్ ఎప్పటికీ రాదు. హబ్ వైపు టర్నింగ్ చేశాక, మధ్యలో 13 డ్రిల్, తర్వాత బోరింగ్ బార్‌తో 13.8, చివర్న 14 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే టూల్). డ్రిల్ నుంచి నేరుగా రీమర్‌కు వెళ్తే, డ్రిల్ వంకరగా పోయిన దారినే రీమర్ కూడా పోతుంది. మధ్యలో బోరింగ్ బార్ ఆ వంకర తీసేస్తుంది.

అల్యూమినియంకు టూల్ పదునుగా ఉండాలి, కిరోసిన్ చుక్కలు పడుతూ ఉండాలి, లేకపోతే లోహం టూల్ కొనకు అంటుకుని ముఖం గీతలు గీతలు వస్తుంది. 120 ఎంఎం వ్యాసానికి నిమిషానికి 260 చుట్ల దగ్గర స్పీడ్ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌కు హాయిగా ఉంటుంది.

బయటి వ్యాసం, ముఖం ఫినిష్ మాత్రం ఇప్పుడే చేయించకండి. రోటర్‌ను షాఫ్ట్ మీద లాక్‌టైట్‌తో ఎక్కించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్లీ అవే సెంటర్ల మధ్య పెట్టి అప్పుడు ఫినిష్ కట్ వేయించండి. రోటర్ తన సొంత షాఫ్ట్ మీదే తయారవుతుంది కాబట్టి ముఖం ఊగడం 0.02 ఎంఎం లోపు వస్తుంది. హబ్ పక్క నుంచి గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న స్క్రూ) బిగించే ఆలోచన వద్దు, స్క్రూ ఒక వైపు నుంచి నెట్టి రోటర్‌ను పక్కకు జరుపుతుంది.

ఇక్కడే వేడి సంగతి చెప్పాలి. ఏప్రిల్ నెల, రేకుల షెడ్డు, మధ్యాహ్నం రెండు గంటలు. బేరింగ్ ప్లేటులో 28 ఎంఎం బోర్ (బేరింగ్ కూర్చునే రంధ్రం) కొట్టగానే నేను గబగబా కొలిచి "సరిపోయింది అన్నా, ఇక ఆపు" అన్నాను. మేస్త్రీ నా చేతిలో మైక్రోమీటర్ తీసుకుని బెంచీ మీద పెట్టి, "తమ్మీ, జాబ్ కాలుతుంది, సల్లారినంక కొలువు, అప్పుడు చెప్పు" అన్నాడు. జాబ్ అంటే మెషిన్ మీదున్న ముక్క. చాయ్ తాగి వచ్చి కొలిస్తే బోర్ చిన్నదైంది. లెక్క వేసుకోండి. అల్యూమినియం ప్రతి డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు) సాగుతుంది. 28 ఎంఎం బోర్ 20 డిగ్రీలు వేడెక్కితే 0.013 ఎంఎం పెరుగుతుంది. ఆ బోర్‌కు మనం ఒప్పుకునే మొత్తం తేడానే 28.00 నుంచి 28.02 వరకు. అంటే సగానికి పైగా వేడే తినేసింది. 120 ఎంఎం రోటర్ అయితే అదే వేడికి 0.055 పెరుగుతుంది. చివరి కోతకు ముందు జాబ్ చేతికి చల్లగా తగలాలి, ఎంత టైమ్ పట్టినా సరే.

బేరింగ్ ప్లేట్లు

150 ఎంఎం చదరం, 12 ఎంఎం మందం ఉన్న రెండు అల్యూమినియం ప్లేట్లను ఒకదాని మీద ఒకటి బిగించి, మధ్య 28 బోర్, నాలుగు మూలల్లో 10 ఎంఎం రీమర్ రంధ్రాలు, అన్నీ ఒకే సెట్టింగ్‌లో మిల్లింగ్ మెషిన్ మీద చేయించండి. మధ్యలో విప్పి మళ్లీ బిగిస్తే చేసిందంతా వృథా. రెండు ప్లేట్ల మధ్య పెట్టే నాలుగు స్తంభాలను 16 ఎంఎం ఇత్తడి రాడ్‌తో చేయించండి, రెండు చివర్లా 10 ఎంఎంకు సన్నగా తీసిన మెడ ఉండి ఆ రీమర్ రంధ్రాల్లో సందు లేకుండా కూర్చోవాలి. దీంతోనే రెండు బోర్లు దూరం జరిగాక కూడా ఒకే వరుసలో ఉంటాయి. నాలుగు స్తంభాల పొడవు ఒకదానికొకటి 0.02 ఎంఎం లోపు ఉండాలి, లేకపోతే ప్లేటు వాలి బేరింగ్ పట్టేస్తుంది. మామూలు ఇనుప బోల్టులు పెడితే అయస్కాంతం వాటివైపు లాగి రోటర్ ఒక్కో చోట ఆగి ఆగి తిరుగుతుంది.

ఒక బేరింగ్‌ను ప్లేటులో కదలకుండా పెట్టండి, రెండోది బోర్‌లో పొడవునా జరిగేలా వదలండి. రెండూ బిగిస్తే ఎండాకాలం ఫ్రేమ్ ఒకలా, షాఫ్ట్ ఒకలా సాగి గోళీల మీద ఒత్తిడి పడుతుంది.

బేరింగులు రేకు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం తీసుకోండి, రబ్బరు సీల్ రకం ఎక్కువ పట్టుకుంటుంది. మూత జాగ్రత్తగా లేపి, లోపలి గ్రీజు పెట్రోల్‌తో కడిగి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. గ్రీజుతో నా రోటర్ 15 సెకన్లు తిరిగితే నూనెతో 70 సెకన్లు తిరిగింది. కడిగిన బేరింగ్‌ను కంప్రెసర్ గాలితో గిరగిరా తిప్పకండి, ఆ స్పీడ్‌కు గోళీలు పాడవుతాయి.

అయస్కాంతాల గుంటలు

బిళ్లల పెట్టె మీద 15 అని ఉన్నా ఒక్కోటి 0.1 ఎంఎం తేడా ఉండవచ్చు. ఎనిమిదీ కొలిచి, అన్నిటికంటే పెద్దదానికి 0.05 కలిపి గుంట వ్యాసం పెట్టండి. ప్లాస్టిక్ వెర్నియర్ వాడితే మంచిది, ఉక్కుది అయస్కాంతానికి అతుక్కుంటుంది. లోతు 5.1 చాలు, బిళ్ల ముఖం కంటే ఒక వెంట్రుక కిందికి ఉంటుంది.

ఎనిమిది గుంటలకు డివైడింగ్ హెడ్ (ముక్కను డిగ్రీల లెక్కన తిప్పే పరికరం) ఉంటే 45 డిగ్రీల చొప్పున తిప్పడమే. లేకపోతే మిల్లింగ్ టేబుల్ డయల్‌తో చేయవచ్చు, మధ్య నుంచి 48 ఎంఎం నేరుగా నాలుగు, 33.94 అడ్డం 33.94 నిలువు మరో నాలుగు. అయ్యాక చెక్ చేసుకోండి, పక్కపక్క గుంటల నడిమి దూరం 36.74 రావాలి. ఫ్లాట్ అడుగు కోసం డ్రిల్ కాకుండా ఎండ్‌మిల్ వాడించండి, డ్రిల్ అడుగు గరాటు లాగా ఉండి బిళ్ల కూర్చోదు.

ఎట్టి పరిస్థితుల్లోనూ అయస్కాంతానికి డ్రిల్ వేయొద్దు, గ్రైండింగ్ పెట్టొద్దు. నియోడిమియం బిళ్ల పింగాణీ లాగా పగులుతుంది, దాని పొడి అంటుకుని మండుతుంది. 80 డిగ్రీలు దాటితే మామూలు గ్రేడ్ బిళ్ల బలం కూడా పోతుంది.

బిళ్లలు అతికించే పని లేత్ షాపులో చేయకండి, గాల్లో ఉన్న ఇనుప రజను అంతా వచ్చి అతుక్కుంటుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు. ఇంటికి తెచ్చుకుని, కర్ర బల్ల మీద పాత పేపరు పరిచి చేయండి. ఎనిమిది బిళ్లలూ ఒకదాని మీద ఒకటి దొంతరగా పెడితే అన్నీ ఒకే ముఖం పైకి చూస్తాయి, ఒక్కోటి తీస్తూ పై ముఖం మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుంటే ఉత్తరం, దక్షిణం గొడవ ఉండదు. చిన్న కాటా మీద ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి దాని మీద తూచి, సమాన బరువున్నవి ఎదురెదురుగా పెట్టండి. గుంటను థిన్నర్‌తో తుడిచి, తొందరగా ఆరే రకం కాకుండా నిదానంగా ఆరే అరాల్డైట్ వాడండి. పక్కపక్కవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఒకటి వదిలి ఒకటి అతికించి, పైన చెక్క ముక్క పెట్టి బిగించి, మర్నాడు మిగతావి. రెండు బిళ్లల మధ్య వేలు పడితే రక్తం గూడు కడుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రావద్దు.

బ్యాలెన్స్, గ్యాప్

కరీంనగర్ గ్రానైట్ పాలిష్ చేసే చోట చిన్న ముక్క అడగండి, పాలిష్ చేసిన ముఖం మన పనికి సరిపోయేంత చదునుగా ఉంటుంది. దాని మీద ఫ్రేమ్ పెట్టి, డయల్ ఇండికేటర్‌తో (ఊగడాన్ని ముల్లుతో చూపే కొలత పరికరం) రోటర్ ముఖం, అంచు రెండూ చూడండి. డయల్ కింద అయస్కాంతాలు రాకుండా, వాటికి లోపలి వైపున చూడాలి, లేకపోతే డయల్ కొన లాగబడి అబద్ధం చెబుతుంది.

షాఫ్ట్‌ను అడ్డంగా పెట్టి, ఇనుము దగ్గర్లో లేని చోట రోటర్‌ను మెల్లగా వదలండి. బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. పదిసార్లు వదిలినా అదే చోటు కిందికి వస్తుంటే, అక్కడ వెనక వైపు 5 ఎంఎం డ్రిల్‌తో 5 ఎంఎం లోతు గుంట వేయండి, పావు గ్రాము తగ్గుతుంది. డ్రిల్ గుంట అయస్కాంతాల మధ్య ఖాళీలో పడాలి. ఒక్క గ్రాము తేడా 50 ఎంఎం దూరంలో ఉంటే 3000 చుట్ల దగ్గర అరకిలో బలంతో ఊపుతుంది, అందుకని ఓపికగా చేయండి. వదిలిన ప్రతిసారీ వేరే చోట ఆగితే బ్యాలెన్స్ కుదిరినట్టే.

హైలం ప్లేటు గ్యాప్‌కు పాత ఏటీఎం కార్డు పెట్టి చూడండి, దాని మందం 0.76 ఎంఎం. చుట్టూ తిప్పినా ఒకేలా జారాలి. పనికొచ్చే కార్డు వాడకండి, గీత చెరిగిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. షాఫ్ట్‌కు దారం చుట్టి లాగి, ప్రతిసారీ ఒకే బలంతో తిప్పి, ఆగేవరకు స్టాప్‌వాచ్‌తో టైమ్ రాయండి. మొదట ఒట్టి ఫ్రేమ్, తర్వాత హైలం ప్లేటుతో, తర్వాత కాయిళ్లు బిగించి వైర్లు విడిగా వదిలేసి, ఒక్కోటి ఐదుసార్లు. ఏ దశలో టైమ్ ఒక్కసారిగా పడిపోయిందో తప్పు అక్కడే ఉంది. కాయిల్ బిగించడానికి ఇనుప స్క్రూ వాడామనో, ప్లేటు దగ్గరైందనో ఇక్కడే దొరికిపోతుంది.

కాయిల్‌కు 27 గేజ్ వైండింగ్ వైరు వైండింగ్ షాపులోనే తీసుకుని, నైలాన్ బాబిన్ మీద, మధ్యలో ఇనుము లేకుండా చుట్టండి. హాల్ సెన్సర్ (అయస్కాంతం ఎదురుగా వచ్చిందని పసిగట్టేది), మాస్‌ఫెట్ (కరెంటు వేసి తీసే స్విచ్), కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్, 12 వోల్టుల బ్యాటరీ, ఇంతే. మొదటిసారి నడిపేటప్పుడు రోటర్ చుట్టూ మందపాటి ప్లైవుడ్ పెట్టి, మీరు రోటర్ అంచుకు ఎదురుగా కాకుండా షాఫ్ట్ వైపు కూర్చోండి. 1000 చుట్ల దగ్గర పది నిమిషాలు నడిపి, ఆపి, ఒక్కో బిళ్లను గోరుతో తట్టి చూడండి, ఒక్కటి కదిలినా విప్పి మళ్లీ అతికించాకే స్పీడ్ పెంచండి.